పీసీఓఎస్, గర్భనిరోధకాలు: మా ఓపీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పోయిన నెల పాకాల వైపు నుంచి ఒకామె వచ్చింది. 26 ఏళ్లు, చంకలో రెండేళ్ల బాబు. "పొట్ట ఉబ్బరంగా ఉంది మేడమ్, గ్యాస్ అనుకుంటా" అంది. చివరిసారి పీరియడ్స్ ఎప్పుడొచ్చాయని అడిగితే, నాలుగు నెలలైందని మామూలుగా చెప్పింది. పెళ్లికి ముందు నుంచీ పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, హార్మోన్ల తేడాతో అండం విడుదల లెక్క తప్పే సమస్య) ఉంది, మూడు నాలుగు నెలలు డేట్ రాకపోవడం ఆమెకు అలవాటే. పొట్ట మీద చెయ్యి పెట్టగానే నాకు అర్థమైంది. స్కానింగ్‌లో 17 వారాల బిడ్డ కాళ్లు ఆడిస్తోంది. ఆమె తెర వైపు చూసి, "మందులు వాడకుండా నాకు రాదన్నారు కదా మేడమ్" అని ఏడ్చేసింది. మొదటి బాబు మాత్రలు వాడాక పుట్టాడు. అప్పుడు విన్న మాటను ఆమె నమ్మింది, అంతే. అందులో ఆమె తప్పేమీ లేదు.

తిరుపతిలో గైనకాలజిస్టుగా రోజూ చూస్తున్నాను. పీసీఓఎస్ అనగానే చుట్టాలు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి మా డాక్టర్లం కూడా "పిల్లలు కష్టం" అనే మాటే ముందు అనేస్తాం. పిల్లలు ఇప్పుడే వద్దనుకునే రోజుల్లో ఏం వాడాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పీసీఓఎస్ ఉంటే గర్భం రాదు, జాగ్రత్తలు అక్కర్లేదు.

పీసీఓఎస్‌లో అండం విడుదల పూర్తిగా ఆగిపోదు, లెక్క తప్పుతుంది. ఒకామెకు 40 రోజులకు విడుదల కావచ్చు, అదే మనిషికి తర్వాతిసారి 90 రోజులకు కావచ్చు. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు పీరియడ్ వస్తుంది. అంటే అండం ముందు, పీరియడ్ తర్వాత. ఆరు నెలలుగా డేట్ రానివాళ్లకు కూడా ఆ డేట్ రాకముందే గర్భం నిలవచ్చు. సేఫ్ పీరియడ్ లెక్కలు, ఫోన్ యాప్‌లు చూపించే పచ్చ రోజులు, ఎర్ర రోజులు వీళ్లకు పనికిరావు. ఆ లెక్కలన్నీ నెలనెలా సరిగ్గా వచ్చేవాళ్ల కోసం.

ఇంకో ఇబ్బంది, నెల తప్పిందని తెలియకపోవడం. జాగ్రత్త లేకుండా కలిసి మూడు వారాలు దాటితే, డేట్ వచ్చినా రాకపోయినా యూరిన్ టెస్ట్ చేసుకోండి. ఆ సమయానికి నెగెటివ్ వస్తే నమ్మొచ్చు.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్, అవాంఛిత రోమాలకు స్పైరనోలాక్టోన్ వాడుతున్నవాళ్లు ఈ మాట మరీ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఐసోట్రెటినాయిన్ వాడేటప్పుడు గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు రావచ్చు. ఆ మాత్ర మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన నెల తర్వాత దాకా నమ్మకమైన గర్భనిరోధకం ఉండి తీరాలి. చర్మం డాక్టరు దగ్గర మందు రాయించుకుని, గర్భనిరోధకం సంగతి ఎవరూ అడగక నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూశాను. అలాంటి రోజు నాకు రాత్రి నిద్ర పట్టదు.

అపోహ: గర్భసంచిలో నీటి బుడగలున్నాయి, ఆపరేషన్ చేసి తీసేయాలి.

అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి. బుడగలు కూడా కావు, పెరగకుండా మధ్యలో ఆగిపోయిన చిన్న అండకోశాలు. తీసేయాల్సిన పని లేదు. స్కానింగ్ రిపోర్టు ఒక్కటి చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. పీరియడ్స్ సరిగా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు, స్కానింగ్‌లో అలాంటి అండాశయాలు, ఈ మూడింటిలో రెండు ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి ఇతర కారణాలు లేవని కూడా చూసుకోవాలి. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకైతే దీని కోసం స్కానింగ్ చేయొద్దనే 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనిపిస్తాయి.

అపోహ: పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలా? వాడితే తర్వాత పిల్లలు పుట్టరు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. కూతురి హాస్టల్ బ్యాగులో మాత్రల షీటు దొరికిందని ఒకమ్మ దాన్ని పేపర్లో చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "మా పాపకు ఇంకా పెళ్లి కాలేదు మేడమ్, ఇవి ఎందుకు రాశారు?" అంది. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. ఏడాదికి మూడుసార్లే పీరియడ్స్, గడ్డం కింద వెంట్రుకలు, ముఖమంతా మొటిమలు. అందుకే రాశాను.

ఆ అమ్మకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. నెలల తరబడి పీరియడ్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుపోతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మూడు నెలలు దాటి రాకపోతే ఊరుకోవద్దని అందుకే అంటాం. రెండు హార్మోన్లున్న పిల్ ఆ పొర పెరగకుండా కాపాడుతుంది. అండాశయంలో మగ హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. రక్తంలో తిరిగే మగ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతుంది. మొటిమలు తగ్గడానికి మూడు నెలలు, వెంట్రుకలకు ఆరు నెలలు పైనే పడుతుంది. రెండో నెలలోనే "ఏం తేడా లేదు" అని ఆపేయకండి.

పిల్ వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. ఆపాక అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అయితే పిల్ పీసీఓఎస్‌ను నయం చేయదు, అదుపులో ఉంచుతుంది. ఆపితే పాత లక్షణాలు తిరిగి రావచ్చు, దాన్ని చూసి పిల్ పాడు చేసిందనుకుంటారు. ఖరీదైన పిల్ బాగా పనిచేస్తుందన్నది కూడా నిజం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. మొటిమల కోసమని చాలామంది అడిగే సైప్రోటెరోన్ పిల్ మొదటి ఎంపిక కాదు, దాంతో రక్తం గడ్డకట్టే ముప్పు కాస్త ఎక్కువ.

మందుల షాపులో పేరు చెప్పి సొంతంగా మాత్రం కొనొద్దు. పిల్ రాసే ముందు బీపీ చూడాల్సిందే. బీపీ ఎక్కువున్నవాళ్లు, తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలిస్తున్న తల్లులు ఈ పిల్ వాడకూడదు. కొన్ని ఫిట్స్ మందులు, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ పిల్ బలాన్ని తగ్గిస్తాయి. పిల్ వాడేటప్పుడు ఒక పిక్కలో నొప్పి, వాపు, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి.

అపోహ: ఉచితంగా ఇస్తున్నారు కదా, ఏదైనా ఒకటే.

కాదు. ఇక్కడే మన వైపు పొరపాట్లు ఎక్కువ. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే గర్భనిరోధకాల్లో ఛాయా మాత్ర మంచి మందే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారు చేసింది, హార్మోన్ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకోవాలి. కానీ పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. ఏఎన్ఎమ్ గాని ఆశా అక్క గాని ఛాయా ఇస్తుంటే, మీకు పీసీఓఎస్ ఉన్న సంగతి ముందే చెప్పండి.

మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ గర్భం రాకుండా బాగా ఆపుతుంది. అయితే కొందరికి బరువు పెరుగుతుంది. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

కాపర్ టి 380ఏ పదేళ్లు పనిచేస్తుంది. హార్మోన్ లేదు కాబట్టి బీపీ, మైగ్రేన్ ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. కాకపోతే పీసీఓఎస్ లక్షణాలకు ఏమీ చేయదు, బ్లీడింగ్ కాస్త పెంచుతుంది. నెలల తర్వాత వచ్చి ధారగా పోయేవాళ్లకు గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ మేలు. గర్భసంచి పొరను పలచగా ఉంచుతుంది, బ్లీడింగ్ తగ్గుతుంది. వెంట్రుకలకు ఉపయోగం లేదు, కొందరికి మొటిమలు పెరుగుతాయి కూడా.

రెండో సిజేరియన్‌తో పాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయినవాళ్లు, "అప్పటినుంచే పీరియడ్స్ పాడైపోయాయి" అంటారు. ఆ ఆపరేషన్ ట్యూబులకే, అండాశయాల జోలికి పోదు. పీసీఓఎస్ అలాగే ఉంటుంది, దానికి చికిత్స కొనసాగించాలి.

అపోహ: మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, అదే చాలు.

మెట్‌ఫార్మిన్ షుగర్‌కు, ఇన్సులిన్ సమస్యకు ఇచ్చే మాత్ర, గర్భనిరోధకం కాదు. పైగా అది వాడితే అండం విడుదల మెరుగై గర్భం వచ్చే అవకాశం పెరగొచ్చు. ఈమధ్య బరువు తగ్గడానికి టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు పిల్ కూడా వేసుకుంటుంటే, మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోస్ పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ తోడు పెట్టుకోండి. ఆ మందు పిల్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు.

అపోహ: సంగటి తిని, నెలకోసారి కొండ నడిచి ఎక్కితే తగ్గిపోతుంది.

అలిపిరి మెట్లు 3,550. ఎక్కండి, మంచిదే. కానీ నెలకొక రోజు ఎక్కి మిగతా 29 రోజులు కూర్చుంటే పీసీఓఎస్‌లో సరిగా పనిచేయని ఇన్సులిన్ పరిస్థితి మారదు, రోజూ అరగంట నడిచేవాళ్లకే మార్పు కనిపిస్తుంది. సంగటి కూడా పిండిపదార్థమే. రెండు పెద్ద ముద్దలు కాకుండా ఒక ముద్ద, దానికి సమంగా పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టుకోండి. బరువు ఎక్కువున్నవాళ్లు అందులో నూటికి ఐదు పది వంతులు తగ్గినా చాలామందికి పీరియడ్స్ దారికి వస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకూ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లను కడుపు మాడ్చుకోమని చెప్పకండి. లావైనా సన్నమైనా గ్లూకోజు తాగించి చేసే షుగర్ పరీక్ష మాత్రం చేయించుకోండి.

అపోహ: దర్శనానికి వాడే వాయిదా మాత్రలు గర్భాన్ని కూడా ఆపుతాయి.

మా ఊళ్లో ఇది చెప్పకుండా ఉండలేను. తిరుమల టికెట్ దొరికిందంటే పీరియడ్స్ వాయిదా మాత్రలు కొంటారు. డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టాల్సిన నోరెథిస్టెరోన్ అది. డేటే తెలియని పీసీఓఎస్ పిల్ల ఎప్పుడు మొదలుపెట్టాలి? భయంతో పదిహేను, ఇరవై రోజులు మింగినవాళ్లున్నారు. ఈ మోతాదులో ఆ మందు కొంత ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. కాబట్టి పిల్ వాడకూడనివాళ్లు దీన్నీ అడక్కుండా వాడకూడదు. గర్భం ఆపుతుందన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. టికెట్ చేతికి రాగానే ఒక్కసారి డాక్టరుతో మాట్లాడండి, ముందే పిల్ వాడుతున్నవాళ్లకైతే వేరే మాత్ర అవసరమే ఉండకపోవచ్చు. వాయిదా మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ వస్తుంది. పది రోజులైనా రాకపోతే, ఎప్పటిలాగే ఆలస్యమవుతోందని సరిపెట్టుకోకుండా ముందు యూరిన్ టెస్ట్ చేసుకోండి.