గెలిచిన జట్టు కింద, ఓడిన జట్టు పైన

ఓహాయోలో ఉంటున్న ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. "మా అమ్మాయి చదివే చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో ఇంకో రాష్ట్రం నుంచి వచ్చిన ఒక పేరున్న జట్టుని ఓడించింది. గెలుపుల శాతం కూడా మాదే ఎక్కువ. అయినా జాతీయ ర్యాంకింగ్‌లో వాళ్లు పైన, మేం కింద. ఇందులో లెక్కేమైనా ఉందా, లేక అంతా పలుకుబడేనా?"

లెక్కే ఉంది. అదీ మామూలు లెక్క కాదు, రోడ్లూ కాలవలూ వేసేటప్పుడు భూమి ఎత్తుపల్లాలు కొలిచే లెక్క.

అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థలో డివిజన్ 3 అంటే ఆటకోసం స్కాలర్‌షిప్ ఇవ్వని కాలేజీలు. పురుషుల బాస్కెట్‌బాల్‌లోనే ఇలాంటి జట్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. సీజన్‌లో ఒక్కో జట్టు ఆడగలిగేవి గరిష్ఠంగా 25 మ్యాచ్‌లు, అందులో ఎక్కువ భాగం తమ కాన్ఫరెన్స్‌లోని (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులోని) ఏడెనిమిది జట్లతోనే. అంటే ఏ జట్టుకైనా మిగతా దేశంలో తొంభై శాతానికి పైగా జట్లు అసలు ఎదురే పడవు. ఎదురుపడని వాళ్లలో ఎవరు గొప్పో తేల్చాలి. చిన్న కాలేజీల ర్యాంకింగ్‌లోని కష్టమంతా ఇక్కడే ఉంది, అందమూ ఇక్కడే ఉంది.

దీనికి ఒక చక్కటి పరిష్కారం చిన్న కాలేజీ నుంచే వచ్చింది. వర్జీనియాలోని బ్లూఫీల్డ్ కాలేజీలో చదువుతున్న కెన్నెత్ మాసీ అనే విద్యార్థి 1997లో తన ఆనర్స్ ప్రాజెక్టుగా జట్ల రేటింగ్ లెక్క రాశాడు. తర్వాత కొన్నేళ్లకే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ టైటిల్‌కి ఎవరు ఆడాలో తేల్చే అధికారిక కంప్యూటర్ ర్యాంకింగ్‌లలో అతనిదీ ఒకటైంది. మూల సూత్రం ఒక్క వాక్యం: రెండు జట్ల రేటింగ్‌ల తేడా, వాళ్లు ఆడిన మ్యాచ్‌లో పాయింట్ల తేడాకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఇప్పుడు సర్వే పనికి వద్దాం. డంపీ లెవెల్ (మూడు కాళ్ల మీద నిలబెట్టి సరిగ్గా అడ్డంగా చూసే దుర్బిణి) పెట్టి లెవెలింగ్ చేసేవాళ్లు ఏ స్థలం ఎత్తునీ నేరుగా కొలవరు. ఇక్కడికీ అక్కడికీ తేడా ఎంత అన్నదే కొలుస్తారు. స్టాఫ్, అంటే అంకెలు గీసిన కొలకర్ర, ఇక్కడ పెట్టి ఒక రీడింగ్, అక్కడ పెట్టి ఇంకో రీడింగ్, రెండిటి తేడా. అలా తేడాల మీద తేడాలు కూడుకుంటూ ఊరంతా తిరిగి బయల్దేరిన బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గరికే వస్తే మొత్తం తేడా సున్నా రావాలి. రాదు. ఎప్పుడూ కాస్త మిగులుతుంది. ఆ మిగులుని అన్ని కొలతలకీ న్యాయంగా, దోషాల వర్గాల మొత్తం వీలైనంత తక్కువయ్యేలా పంచే పద్ధతే లీస్ట్ స్క్వేర్స్. 1805లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర్ దాన్ని ప్రచురించాడు, జర్మన్ గణితజ్ఞుడు గాస్ భూమి సర్వేలో విరివిగా వాడాడు. మాసీ చేసిందీ అదే. జట్టు ఒక స్థలం, మ్యాచ్ ఒక కొలత, రేటింగ్ ఆ స్థలం ఎత్తు. ఎత్తులకి సముద్రమట్టం ఒక ఒప్పందం అయినట్టే ఏ జట్టుని సున్నా అనుకుంటామన్నదీ మన ఇష్టమే.

లెవెల్‌లో ఇంకో రకం తప్పు కూడా ఉంటుంది. పరికరంలోంచి చూసే గీత సరిగ్గా అడ్డంగా లేకుండా కొంచెం పైకి వాలి ఉందనుకోండి, దూరంగా ఉన్న స్టాఫ్ మీద రీడింగ్ ప్రతిసారీ ఎక్కువే వస్తుంది. దీన్ని కొలిమేషన్ ఎర్రర్ అంటారు. ఇది ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వచ్చే తప్పు కాదు, ఎప్పుడూ ఒకే వైపు లాగే తప్పు. బాస్కెట్‌బాల్‌లో సొంత కోర్టు సరిగ్గా ఈ కొలిమేషన్ ఎర్రరే. అదృష్టం అటూ ఇటూ ఊగుతుంది, మ్యాచ్‌లు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. సొంత కోర్టు ఊగదు, ప్రతి మ్యాచ్‌నీ ఆతిథ్య జట్టు వైపే నెడుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం, కాగితం పెన్ను దగ్గర పెట్టుకోండి. అ, ఇ, ఉ అని మూడు జట్లు. అ తన కోర్టులో ఇ మీద 10 పాయింట్ల తేడాతో గెలిచింది. ఇ తన కోర్టులో ఉ మీద 6 తేడాతో గెలిచింది. ఉ తన కోర్టులో అ మీద 2 తేడాతో గెలిచింది. ముగ్గురికీ ఒక గెలుపు, ఒక ఓటమి. శాతం చూస్తే ముగ్గురూ సమానం. కానీ ఇది సర్వేలో చుట్టు తిరిగి వచ్చినట్టు. అ నుంచి ఇ, ఇ నుంచి ఉ, ఉ నుంచి మళ్లీ అ. రేటింగ్‌ల తేడాలు కూడితే సున్నా రావాలి. పాయింట్ల తేడాలు కూడితే 18 వచ్చింది. మూడు మ్యాచ్‌లూ ఆతిథ్య జట్లే గెలిచాయి కాబట్టి ఈ 18లో సొంత కోర్టు మూడుసార్లు దాగి ఉంది. అంటే సొంత కోర్టు విలువ 6. (నిజంగా అంత ఉండదు, లెక్క తేలిగ్గా ఉండాలని అలా తీసుకున్నాను.) దాన్ని తీసేస్తే అ జట్టు ఇ కంటే 4 ఎక్కువ, ఇ, ఉ సమానం. ఉ జట్టుని సున్నా అనుకుంటే రేటింగ్‌లు: అ 4, ఇ 0, ఉ 0.

ఇప్పుడు ఎ అనే నాలుగో జట్టు వచ్చింది. ఒకే మ్యాచ్ ఆడింది, తన కోర్టులో. అ జట్టుని 5 పాయింట్లతో ఓడించింది. శాతం వంద. సొంత కోర్టుని పట్టించుకోకుండా లెక్కిస్తే ఎ రేటింగ్ 4కి 5 కలిపి 9, అందరికంటే పైన. పట్టించుకుంటే, 5 తేడాలో 6 కోర్టుదే, అంటే ఎ జట్టు అ కంటే ఒకటి తక్కువ. రేటింగ్ 3. గెలిచిన జట్టు కింద, ఓడిన జట్టు పైన. మా పాఠకుడి కాలేజీకి జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది: పేరున్న జట్టుని తమ జిమ్‌లో కొద్ది తేడాతో ఓడించడం.

ఈ ఉదాహరణలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి వేరే ఉంది. మొదటి మూడు జట్లకి సొంత కోర్టు తీసేసినా, తీయకపోయినా రేటింగ్‌లు మారవు. వేసి చూడండి. ఒక్కొక్కరూ ఒక మ్యాచ్ ఇంట్లో, ఒక మ్యాచ్ బయట ఆడారు కాబట్టి తప్పు తప్పుని కొట్టేసింది. సర్వేయర్లు పరికరాన్ని రెండు స్టాఫ్‌లకీ సరిగ్గా మధ్యలో పెట్టేది ఇందుకే. పరికరంలో ఎంత లోపం ఉన్నా రెండు రీడింగుల్లోనూ సమానంగా పడి తేడాలో మాయమైపోతుంది. మన ఇంజనీరింగ్ క్లాసుల్లో లీస్ట్ స్క్వేర్స్ అంటే ఐదు బిందువులిచ్చి సరళరేఖ గీయమనడంతో సరి. అదే క్లాసులో ఒక టోర్నమెంట్ స్కోర్ల పట్టిక ఇచ్చి ఎవరు గొప్పో తేల్చమంటే పిల్లలు గంట కొట్టినా లేవరని నా నమ్మకం.

అసలు సొంత కోర్టు విలువ ఎంత? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సుమారు 3 నుంచి 4 పాయింట్లు. ఎందుకొస్తుంది అంటే అందరూ చెప్పే జవాబు "జనం కేకలు పెట్టి అవతలివాళ్లకి టెన్షన్ తెప్పిస్తారు" అని. అయితే అది ఫ్రీ త్రోలలో కనబడాలి. ఎవరూ అడ్డు లేకుండా, 15 అడుగుల దూరం నుంచి, బుట్ట వెనక జనం చేతులూపుతుండగా వేసే షాట్ అది. ఎన్‌బీఏలో ఏళ్ల తరబడి లెక్కలు చూస్తే ఇంట్లో వేసినా బయట వేసినా ఫ్రీ త్రోల శాతం దాదాపు ఒకటే. జనం ప్రభావం ఎక్కువగా ఆటగాళ్ల మీద కాదు, రిఫరీ మీద పడుతుంది. 2002లో ఇంగ్లండ్‌లో నెవిల్, బాల్మర్, విలియమ్స్ అనే పరిశోధకులు 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకి ఒకే మ్యాచ్ వీడియో చూపించారు. కొందరికి జనం శబ్దంతో, కొందరికి శబ్దం లేకుండా. శబ్దం విన్నవాళ్లు ఆతిథ్య జట్టు మీద 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. కోవిడ్ కాలంలో యూరప్‌లో ఖాళీ స్టేడియాల్లో ఫుట్‌బాల్ ఆడినప్పుడు బయటి జట్లకి ఎక్కువగా పడే ఎల్లో కార్డుల తేడా బాగా తగ్గిపోయింది. రిఫరీ మోసం చేస్తున్నాడని కాదు. తాకాడో లేదో తెలియని క్షణంలో వెయ్యి గొంతులు ఒకే మాట చెబితే మనిషి చెవి దాన్నీ సాక్ష్యంగానే తీసుకుంటుంది.

ప్రయాణం బడలిక ఇంకో కారణం. కానీ మిషిగన్‌లో హోప్, కాల్విన్ కాలేజీల మధ్య దూరం సుమారు 30 మైళ్లే, మధ్యాహ్నం క్లాసు చూసుకుని వెళ్లి ఆడి రాత్రికి తిరిగి రావచ్చు. ఇలాంటి జతల్లో బస్సు మీద నెపం పెట్టడానికి లేదు.

ఇక అచ్చొచ్చిన గ్రౌండ్ సంగతి. మన క్రికెట్‌లోనూ ఈ మాట తరచూ వింటాం. ప్రతి కాలేజీవాళ్లూ "మా జిమ్‌లో మమ్మల్ని ఓడించడం ఎవరి తరమూ కాదు, మా కోర్టు ప్రత్యేకం" అంటారు. నిజంగా ఒక జిమ్ మిగతావాటి కంటే ప్రత్యేకమని తేల్చాలంటే ఏం కావాలి? ఒక మ్యాచ్ ఫలితం మన అంచనా నుంచి అటూ ఇటూ సుమారు 11 పాయింట్లు ఊగుతుంది. సీజన్‌లో 12 ఇంట్లో, 12 బయట ఆడితే, ఆ ఒక్క జట్టు సొంత కోర్టు విలువని కొలవడంలో ఉండే ప్రామాణిక దోషం (కొలత నిజం నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ పోవచ్చో చెప్పే అంకె) 2.25 పాయింట్లు. మామూలు 3.5 బదులు వాళ్లది 5 అని కాస్త నమ్మకంగా చెప్పాలంటే దోషం 0.75కి దిగాలి. మూడో వంతుకి దిగాలంటే తొమ్మిది రెట్లు మ్యాచ్‌లు కావాలి, అంటే తొమ్మిది సీజన్లు. కాలేజీలో ఆటగాడు ఉండేది నాలుగేళ్లు. తొమ్మిదేళ్లు గడిచేసరికి జట్టు రెండుసార్లు పూర్తిగా మారిపోతుంది, బహుశా కోచ్ కూడా. అందుకే రేటింగ్ లెక్కల్లో సాధారణంగా అందరికీ ఒకే సొంత కోర్టు విలువ పెడతారు. అచ్చిరావడం అనే నమ్మకాన్ని కాదనడానికి కూడా చాలినంత డేటా ఒక్కో జిమ్ దగ్గర దొరకదు, నిలబెట్టడానికి అసలే దొరకదు.

పాయింట్ల తేడాని ఉన్నదున్నట్టు వాడితే వేరే ప్రమాదం ఉంది. 2012 నవంబర్ 20న అయోవాలోని గ్రినెల్ కాలేజీ ఆటగాడు జాక్ టేలర్ ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు వేశాడు, 108 షాట్లు ప్రయత్నించి. ఫెయిత్ బాప్టిస్ట్ బైబిల్ కాలేజీ మీద స్కోరు 179-104, తేడా 75. లీస్ట్ స్క్వేర్స్‌లో దోషాన్ని వర్గం చేస్తాం కదా, అంచనా 40 అయి ఫలితం 75 వస్తే దోషం 35, వర్గం 1225. మామూలు మ్యాచ్‌లో 11 వర్గం 121. అంటే మొత్తం దోషంలో ఈ ఒక్క రాత్రే పది మ్యాచ్‌లంత వాటా తీసుకుని రేటింగ్‌ని తనవైపు లాగుతుంది. అందుకే పెద్ద తేడాలని మెత్తబరిచే పద్ధతులొచ్చాయి. కొన్నయితే తేడాని పూర్తిగా వదిలేసి గెలుపోటములే చూస్తాయి. డివిజన్ 1 (స్కాలర్‌షిప్‌లిచ్చే పెద్ద కాలేజీల) పురుషుల జట్లకి వాడిన ఆర్‌పీఐ అనే లెక్క అలాంటిదే, అది 2004-05 నుంచి సొంత కోర్టు గెలుపుని 0.6గా, బయట గెలుపుని 1.4గా లెక్కించింది. దిశ సరైనదే, కొలత మొరటు: బలహీన జట్టు ఇంటికి వెళ్లి గెలిచినా అదే 1.4. డివిజన్ 3లో 2024-25 నుంచి వాడుతున్న ఎన్‌పీఐ అనే లెక్కలో ప్రత్యర్థి బలం కలుస్తుంది, ఆ బలం మళ్లీ వాళ్ల ప్రత్యర్థుల బలం మీద ఆధారపడుతుంది కాబట్టి అంకెలు నిలకడకి వచ్చేదాకా మళ్లీ మళ్లీ లెక్కిస్తారు.

అయితే ఏ సూత్రం పెట్టినా సర్వేలో బలహీనమైన చోటు ఒకటి ఉంటుంది. కాన్ఫరెన్స్ లోపల ప్రతి జతా ఇంటా బయటా ఆడతారు కాబట్టి లోపలి ఎత్తులు బాగానే తేలతాయి. ఒక కాన్ఫరెన్స్‌కీ ఇంకో దానికీ మధ్య నాలుగు మ్యాచ్‌లే ఉన్నాయనుకోండి. యాదృచ్ఛిక దోషం 11ని నాలుగు వర్గమూలంతో భాగిస్తే 5.5. అది పెద్దదే, కానీ మ్యాచ్‌లు పెంచితే తగ్గుతుంది. ఆ నాలుగూ ఒకే వైపు జిమ్‌లలో జరిగితే, సొంత కోర్టు విలువని మనం ఎంత తప్పుగా అంచనా వేస్తే అంత తప్పూ మొత్తం కాన్ఫరెన్స్‌కి అంటుకుంటుంది. నలభై మ్యాచ్‌లు ఆడినా అది తగ్గదు. ఎనిమిది జట్లూ కలిసి ఒక పాయింటు పైకో కిందకో జరుగుతాయి. ఒక పాయింటు అంటే జాతీయ పట్టికలో చాలా స్థానాలు.

ఆ స్థానాల మీదే టోర్నమెంటు ఆధారపడుతుంది. డివిజన్ 3లో 64 జట్లు, నాలుగేసి జట్లుగా పదహారు చోట్ల మొదటి రెండు రౌండ్లు ఆడతాయి. ఆ చోటు ఎక్కడో కాదు, సాధారణంగా నలుగురిలో ఒకరి జిమ్. నలుగురూ సమాన బలం అనుకుందాం. తటస్థ కోర్టులో ఎవరైనా రెండూ గెలిచే అవకాశం 25 శాతం. సొంత కోర్టు 3.5 పాయింట్లు కలిస్తే ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం సుమారు 62.5 శాతం, రెండూ గెలిచే అవకాశం 39 శాతం. కష్టం ఏమిటంటే, ఇంట్లో ఎక్కువ ఆడి పైకెక్కిన ర్యాంకు మళ్లీ ఇంట్లో ఆడే హక్కునే తెచ్చిపెట్టగలదు. దానికి తోడు ఖర్చు: ఏళ్ల తరబడి 500 మైళ్ల లోపు జట్లని బస్సులో పంపి, అంతకు మించితేనే విమానం ఇచ్చేవారు. టెక్సస్‌లో విడిగా ఉన్న జట్లు ఎంత మంచివైనా మొదటి రౌండ్లోనే ఒకదాన్నొకటి ఢీకొనేవి.

చిన్న కాలేజీల ఆటలు నడిపే ఇంకో సంస్థ ఎన్ఏఐఏ ఈ గొడవే లేకుండా నడిపింది. దాని టోర్నమెంటు 1937లో కాన్సస్ సిటీలో మొదలైంది, దశాబ్దాల పాటు 32 జట్లూ ఒకే ఊళ్లో వారం రోజుల్లో తేల్చుకునేవి. ఇటీవలి ఏళ్లలో అక్కడా 64 జట్లు, మొదటి రౌండ్లు కాలేజీ జిమ్‌లలో. డబ్బు, ప్రయాణం దృష్ట్యా నాకు అర్థమవుతుంది, లెక్క దృష్ట్యా బాధగా ఉంది.

సర్వేయర్లకి దీని మందు ఎప్పటినుంచో తెలుసు. గోదావరి లాంటి నది అడ్డం వస్తే పరికరాన్ని మధ్యలో నిలబెట్టలేరు. అప్పుడు ఈ ఒడ్డు నుంచి ఒకసారి, ఆ ఒడ్డు నుంచి ఒకసారి కొలిచి సగటు తీస్తారు. ఇరుగుపొరుగు కాన్ఫరెన్స్‌లు ఏటా నాలుగు మ్యాచ్‌లు ఒప్పుకుని రెండు ఇక్కడ, రెండు అక్కడ ఆడితే చాలు. సొంత కోర్టు విలువ మూడా, నాలుగా, ఆరా అని ఎవరూ అంచనా వేయనక్కర్లేదు, అది దానంతటదే కొట్టుకుపోతుంది. అదనంగా పెద్ద ఖర్చేమీ లేదు, నాలుగు బస్సుల్లో రెండు ఎదురు దిక్కున బయల్దేరాలి, అంతే.