నీళ్ల గ్లాసులో మట్టిగడ్డ

"దున్నకుండా పంట ఎట్లొస్తుంది సార్? దుక్కి కొద్దీ పంట అంటాడు మా తాత."

నేలను వీలైనంత దున్నకుండా కాపాడుకునే సంరక్షణ సేద్యం గురించి చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. నోటిమాటతో నమ్మే సంగతి కాదిది. మర్నాడు వాళ్ల చెనక్కాయ చేలోంచి ఒక ఎండుగడ్డ, పక్కనున్న వేపచెట్టు కిందినుంచి ఇంకొకటి తెమ్మన్నాను. రెండూ ఎర్రమన్నే, నిమ్మకాయంత ఉన్నాయి. రెండు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదిలాం.

చేని గడ్డ బుసబుసమని బుడగలు వదిలి, నిమిషంలో అడుగున బురదైపోయింది. చెట్టుకింది గడ్డ బెల్లు కొట్టేదాకా అట్లాగే ఉంది.

"అది అమ్మవారి చెట్టు సార్, పసుపు కుంకుమ పెడతారు. అందుకే కరగలేదు" అంది ఒక అమ్మాయి. ఆ మాటను కొట్టిపారేయకుండా పరీక్షిద్దామన్నాను. ఎవరూ పూజ చేయని, ఏళ్లుగా మడక తగలని గట్టు మీది గడ్డ తెప్పించాం. అదీ నిలిచింది! పిల్లలకు సైన్సు అంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో తెలిసింది.

ఎండుగడ్డలోని సన్నని రంధ్రాల నిండా గాలి ఉంటుంది. నీళ్లు అన్నివైపులా చొరబడేసరికి ఆ గాలి ఇరుక్కుని, నొక్కుకుపోయి, గడ్డను లోపలినుంచి పగలగొడుతుంది. నిలిచిన గడ్డలోనూ గాలి ఉంది. కానీ అక్కడ రేణువులను శిలీంధ్రాల దారాలు చుట్టి కట్టేశాయి. వేళ్లూ బ్యాక్టీరియా వదిలే పాలిసాకరైడ్లు, అంటే జిగురులాంటి చక్కెర గొలుసులు, బంకమట్టిని అతికించాయి. దున్నితే దారాలు తెగుతాయి. లోపల దాగిన సేంద్రియ పదార్థానికి ఆక్సిజన్ తగిలి, సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. అప్పుడే నత్రజని కూడా విడుదలై పైరు పచ్చగా లేస్తుంది. తాత చూసింది నిజమే. కాకపోతే అది నేల ఎన్నో ఏళ్లు కూడబెట్టిన నిల్వ నుంచి తీసిన పంట.

5 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. జిగురు లేని ఎర్రనేల ఆ దెబ్బకు చిట్లి, రంధ్రాలు పూడి, ఆరాక పైన పెచ్చు కడుతుంది. చెనక్కాయ మొలక దాన్ని తోసుకుని రాలేక వంకర్లు పోతుంది. నీళ్లు ఇంకకుండా మట్టిని మోసుకుని చెరువులోకి పోతాయి.

అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సంరక్షణ సేద్యానికి మూడు సూత్రాలు చెబుతుంది: నేలను తక్కువ కదిలించాలి, ఎప్పుడూ కప్పి ఉంచాలి, పంటలు మార్చాలి. బ్రెజిల్‌లోని పరానాలో హెర్బర్ట్ బార్ట్జ్ అనే రైతు 1972లో దున్నకుండా విత్తాడు. నేడు ప్రపంచంలో 20 కోట్ల హెక్టార్లకు పైగా ఈ సేద్యం ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆకలి, వాతావరణం, నేల వేర్వేరుగా ఉన్నాయి. నాకు మాత్రం మూడూ ఆ గ్లాసులోనే కనిపించాయి. గడ్డ నీళ్లు పట్టుకుంటే తిండి, కార్బన్ పట్టుకుంటే వాతావరణం, చెదరకుంటే నేల.

మన చిత్తూరు వైపు చిక్కులు లేకపోలేదు. చెనక్కాయ పెరికితే నేల కదలక తప్పదు. పాల మీద బతికే ఇల్లు ఆవుల మేతకుండే చెనక్కాయ కట్టెను, అంటే కాయలు తీసిన ఎండు చెట్లను, చేలో ఎట్లా పరుస్తుంది? సాళ్ల మధ్య కంది వేస్తే చెనక్కాయ పోయాక కూడా అది నిలబడి ఆకు రాలుస్తుంది. తొలకరికి ముందు అలసంద, ఉలవ చల్లినా నేలకు కప్పు దొరుకుతుంది.

ఆ పిల్లవాడి తాత ఒక మూల పది సెంట్లు దున్నకుండా వదిలి అలసంద చల్లాడట. ఒక్క ఏడాదికి గడ్డ నిలవకపోయినా నిరాశ పడొద్దని చెప్పి పంపాను. ఆ దారాలు మళ్లీ అల్లుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది.