కారుకు పట్టీ అతికించబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

తలుపుల వెంట సాగే సన్నని క్రోమ్ పట్టీ, చక్రం పైన వంపు తిరిగిన నల్లని అంచు, కిటికీ అద్దం పైన జల్లును ఆపే వైజర్, డిక్కీ మీద మెరిసే అలంకార పట్టీ (గార్నిష్)... ఇవన్నీ ఇంట్లోనే అమర్చుకోవచ్చా అని మీ వయసు వాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. నిక్షేపంలా అమర్చుకోవచ్చు. కారు ఇంట్లో పెద్దవాళ్ళది కాబట్టి వాళ్ళ అనుమతి తీసుకుని, వాళ్ళను పక్కన ఉంచుకుని చేయండి. పొడవాటి పట్టీకి ఎలాగూ రెండు జతల చేతులు కావాలి.

ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం పట్టీ వెనకాల ఉండే మిల్లీమీటరు మందం టేపుకే ఇస్తున్నాను. పట్టీ ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలిచినా, నెల తిరగకుండానే కొస లేచినా కారణం అక్కడే ఉంటుంది.

మంచి పట్టీల వెనక బూడిద రంగులోనో నల్లగానో ఒక టేపు వస్తుంది. దాన్ని యాక్రిలిక్ ఫోమ్ టేపు అంటారు. త్రీఎమ్ కంపెనీ 1980లో వీహెచ్‌బీ అనే పేరుతో ఇలాంటి టేపును తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. నాసిరకం పట్టీలకు తెల్లని స్పాంజి టేపు వేస్తారు. అది కారుకు అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ ఎండకు, తడికి నడుమనే చిరిగిపోతుంది. సగం కారు మీద, సగం పట్టీ మీద మిగులుతుంది. కొనేటప్పుడు పట్టీ మెరుపు చూసే ముందు తిరగేసి టేపు చూడండి.

యాక్రిలిక్ ఫోమ్ టేపు మీది జిగురు మిగతా జిగుర్ల మాదిరిగా ఆరి గట్టిపడేది కాదు. అది ఎప్పటికీ మెత్తగానే, చాలా నెమ్మదిగా పారే తేనెలాగే ఉంటుంది. కారు పెయింట్ మన కంటికి అద్దంలా కనిపిస్తుంది కదా, సూక్ష్మదర్శినిలో చూస్తే అదంతా ఎగుడుదిగుడే. టేపు పెట్టిన క్షణంలో జిగురు ఆ ఎత్తుల కొనలను మాత్రమే తాకుతుంది. గట్టిగా నొక్కితే మెల్లగా పల్లాల్లోకి దిగుతుంది. ఎంత లోపలికి దిగితే అంత పట్టు. మామూలు గది వేడిమిలో ఇరవై నిమిషాలకు దాదాపు సగం పట్టు వస్తుంది, ఒక రోజుకు తొంభై శాతం వస్తుంది, పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది. శుభ్రత, ఒత్తిడి, వేడిమి, ఓపిక అని నేను పదేపదే అనడం వెనక ఉన్నది ఇదే. పల్లాల్లో ముందే మైనమో దుమ్మో నిండి ఉంటే జిగురు దిగడానికి చోటెక్కడిది?

"ఇంత తతంగం ఎందుకు, సూపర్ గ్లూ రాస్తే క్షణంలో అంటుకుంటుంది కదా" అని మీలో ఒకరైనా అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. మీటరు పొడవున్న ఏబీఎస్ ప్లాస్టిక్ పట్టీని చల్లని ఉదయం అతికించారనుకోండి. మధ్యాహ్నం ఎండకు కారు ఒళ్ళు ఉదయం కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. పట్టీ సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. దాని కింద ఉన్న ఉక్కు రేకు అర మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. రాత్రికి రెండూ మళ్ళీ కుదించుకుంటాయి. రోజూ జరిగే ఈ లాగులాటలో నడుమ ఉన్న పదార్థం పక్కకు సాగి మళ్ళీ యథాస్థితికి రావాలి. ఫోమ్ టేపు ఆ పని చేస్తుంది. సూపర్ గ్లూ గాజులా బిగుసుకుపోతుంది, సాగలేక పగులుతుంది, ఊడి వచ్చేటప్పుడు పెయింట్‌ను కూడా వెంట తెస్తుంది. దాన్ని కారు దగ్గరికి రానివ్వకండి.

స్క్రూల విషయంలో నా మాట ఇంకా కచ్చితం. రేకుకు రంధ్రం వేయవద్దు. తుప్పు పట్టకుండా రేకు మీద జింకు పూత, దాని మీద పెయింట్ పొరలు ఉంటాయి. ఈ పెయింట్ పొరలన్నీ కలిపినా మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు. డ్రిల్లు మొన ఒక్క క్షణంలో అదంతా దాటి పచ్చి ఇనుమును గాలికీ నీటికీ అప్పగిస్తుంది. పాత కార్లలో పట్టీలను క్లిప్పులతో రంధ్రాల్లో బిగించేవారు. తుప్పు చాలావరకు ఆ రంధ్రాల దగ్గరే మొదలయ్యేది.

ఇక పనిలోకి దిగుదాం. ముందుగా కారును కార్లకు వాడే షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. షాంపూలో మైనం కలిసి ఉండకూడదు, సీసా మీద చదివి చూసుకోండి. ఆరిన తర్వాత పట్టీ వచ్చే చోట కొంచెం నీళ్ళు చల్లి గమనించండి. నీళ్ళు గుండ్రని ముత్యాల్లా నిలబడి జారిపోతుంటే అక్కడ ఇంకా మైనం పాలిష్ ఉందని అర్థం. పలుచగా పరుచుకుంటే జిగురుకు ఆ చోటు అనుకూలంగా ఉన్నట్టు. ముత్యాలు కనిపించినంత కాలం టేపు జిగురును కప్పి ఉంచే కాగితం తీయకండి.

పాలిష్‌ను వదిలించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి మెత్తని మైక్రోఫైబర్ గుడ్డకు తడి చేయండి. ఒకే దిశలో తుడవండి. గుండ్రంగా తిప్పితే ఒక చోటి జిడ్డు ఇంకో చోటికి పాకుతుంది. ప్రతి సారీ గుడ్డను మడిచి కొత్త వైపు వాడండి. తడి ఆవిరైపోయేలోగా రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి. దాన్నంతటదే ఆరిపోనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. ఆల్కహాల్ మండే గుణం ఉన్నది, కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, చేతులకు గ్లౌజులు వేసుకుని ఈ పని చేయండి. తుడిచిన తర్వాత "శుభ్రమైందా లేదా" అని వేలితో రాసి చూసే అలవాటు చాలామందికి ఉంటుంది. వేలి చివర ఉండే నూనె చాలు, చేసిన శ్రమంతా వృథా కావడానికి. టైర్లకు కొట్టే సిలికాన్ పాలిష్ కూడా ఆ రోజు ఆ చుట్టుపక్కల వాడకండి. దాని తుంపరలు గాలిలో తేలి వచ్చి ప్యానెల్ మీద, అంటే పట్టీ అతికించే రేకు భాగం మీద వాలతాయి.

కారుకు ఈ మధ్యే కొత్త పెయింట్ వేయించి ఉంటే కనీసం నెల రోజులు ఆగండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకాలు ఇంకా బయటికి వస్తూనే ఉంటాయి, అవి జిగురును వదులు చేస్తాయి. సిరామిక్ కోటింగ్ వేయించిన కారైతే మరీ జాగ్రత్త. ఆ పూత పనే ఏదీ అంటుకోకుండా చూడడం, టేపుకు మినహాయింపు ఏమీ ఇవ్వదు.

పట్టీ ఎక్కడ రావాలో నిర్ణయించడం అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఘట్టం. టేపు మీది కాగితం తీయకుండానే పట్టీని మాస్కింగ్ టేపు (సులువుగా ఊడి వచ్చే కాగితం టేపు) ముక్కలతో తలుపుకు తగిలించండి. పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. దగ్గరగా ఉన్నప్పుడు తిన్నగా అనిపించినది దూరం నుంచి వాలి కనబడుతుంది. కొందరు నేల నుంచి కొలతలు తీస్తారు, కొందరు మట్టం కర్ర పెడతారు. నేలా సమంగా ఉండదు, నాలుగు టైర్లలో గాలీ సమంగా ఉండదు. కారు ఒంటి మీదే తయారీలో వచ్చిన మడత గీత ఒకటి ముందు నుంచి వెనక్కి సాగుతుంది. కొలతకు దాన్నే ఆధారం చేసుకోండి. ఆ గీత నుంచి సమాన దూరంలో అక్కడక్కడ గుర్తులు పెట్టి, వాటి వెంట మాస్కింగ్ టేపును పొడవునా వేస్తే పట్టీకి దారి సిద్ధమవుతుంది.

తగిలించి ఉండగానే తలుపులన్నీ ఒకటొకటిగా తెరిచి మూయండి. వెనక తలుపు తెరుచుకునేటప్పుడు దాని ముందు అంచు లోపలి వైపుకు, అంటే ముందు తలుపు అంచు చాటుకు తిరుగుతుంది. పట్టీ కొస ఆ అంచు దాకా వచ్చి ఉంటే ఎదుటి తలుపును గీరుతుంది. ప్రతి తలుపు అంచు నుంచి మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. ముందు తలుపు పట్టీ, వెనక తలుపు పట్టీ ఒకే గీత మీద కలుస్తున్నాయా అన్నది తలుపులు పూర్తిగా మూసి ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

వాతావరణం సంగతి కూడా చూసుకోండి. 21 నుంచి 38 డిగ్రీల మధ్య జిగురు హాయిగా పని చేస్తుంది. పది డిగ్రీల కన్నా తక్కువైతే అది బిగుసుకుపోతుంది, ఆ రోజుకు పని వాయిదా వేయండి. చలిగా ఉంటే ప్యానెల్‌నూ పట్టీనీ హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసుకోవచ్చు. మండుటెండలో కాగిన రేకు మీద అతికించడమూ తప్పే. అరచేతి వెనక వైపును రేకుకు ఆనించి చూస్తే కాలినట్టు అనిపించకూడదు.

ఇప్పుడు అతికించే క్షణం. కాగితాన్ని మొత్తం ఒలిచేయకండి. రెండు కొసల దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రం ఒలిచి, ఆ కాగితం తోకను పట్టీ ముందు వైపుకు మడిచి చిన్న టేపు ముక్కతో అంటించండి. పట్టీని గుర్తు వెంట పెట్టి ఆ రెండు కొసలను మెల్లగా ఆనించండి. సరిగ్గా ఉందనుకుంటే ఒకరు పట్టీని పట్టుకుని ఉండగా ఇంకొకరు తోకను రేకుకు దగ్గరగా, నెమ్మదిగా లాగుతూ రావాలి. ఈ సమయంలో పట్టీని సాగదీయకండి. రబ్బరులా మెత్తని పట్టీలు లాగితే ఒకటి రెండు సెంటీమీటర్లు సులువుగా సాగుతాయి, తర్వాత వారం పాటు మెల్లగా వెనక్కి కుంచించుకుపోతూ కొసలను పైకి లేపుతాయి. క్రోమ్ పట్టీలను వంచే ప్రయత్నం చేయకండి. ప్లాస్టిక్ మీద రాగి, నికెల్, చివరగా క్రోమియం పొరలు వేస్తారు. ఆ పై పొర మందం మైక్రాన్‌లో కొంత భాగమే. వంచితే చీలుతుంది.

కాగితం వచ్చేశాక నడుమ నుంచి కొసల వైపు బొటనవేలితోనో చిన్న రోలర్‌తోనో నొక్కుతూ వెళ్ళండి. చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు పడాలి. తూకం మీద బొటనవేలు పెట్టి కిలో దాకా నొక్కి చూస్తే ఆ బలం ఎంతో మీ చేతికి తెలుస్తుంది, మీరు అనుకున్నదాని కన్నా ఎక్కువే ఉంటుంది. కొసల దగ్గర ఇంకాసేపు నొక్కి ఉంచండి. వంకర వచ్చిందని పీకి మళ్ళీ అదే టేపుతో అతికించవద్దు. సాగిన టేపుకు మునుపటి బలం ఉండదు. పాత టేపు తీసి కొత్తది వేయండి.

బంపర్లు, చక్రాల పైన వంపు తిరిగిన నల్లని అంచులు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. రంగు వేయని ఆ ప్లాస్టిక్‌కు జిగురు అంటుకోదు. ఆ చోట ముందుగా ప్రైమర్, అంటే జిగురుకు పట్టు దొరికేలా చేసే ద్రవం, పలుచగా ఒక పూత రాయాలి. చాలా పట్టీల పెట్టెల్లోనే చిన్న పొట్లంలో అది వస్తుంది, పారేయకండి.

ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. బంపర్ మీద చిన్న నాణేల్లా ఉండేవి పార్కింగ్ సెన్సర్లు, కొన్ని కార్లలో ముందు లోగో వెనక రాడార్ ఉంటుంది. వాటి మీదా, వాటి పక్కనే ఉబ్బెత్తుగానూ ఏమీ అతికించవద్దు. లైట్లు, రిఫ్లెక్టర్లు, నంబర్ ప్లేటు, కెమెరా స్పష్టంగా కనబడాలి. తలుపు కింది అంచున చిన్న కంతలు ఉంటాయి. కిటికీ సందులోంచి లోపలికి దిగిన వాన నీరు వాటి గుండానే బయటికి పోతుంది. తలుపు అంచుకు తొడిగే గార్డు పట్టీ వాటిని మూసేస్తే తలుపు లోపల నుంచి తుప్పు పడుతుంది, పైకి కనిపించే నాటికి ఆలస్యమైపోతుంది. చక్రాల పైన ఉండే ఆ అంచులకు తొడిగే మెరుపు వంపులు నాకు నచ్చవు. వాటి వెనక బురద చేరుతుంది, తడి ఆరదు. అవి లేకుండానే కారు బాగుంటుందని నా అభిప్రాయం.

వైజర్లు పెట్టిన తర్వాత ఒక రోజంతా అద్దాలు పైకి మూసి ఉంచండి. అద్దం గాడిలో దూర్చే రకమైతే, అడ్డం తగిలిందనుకుని అద్దం దానంతటదే కిందికి దిగిపోవచ్చు. వేళ్ళు ఇరుక్కోకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు అది, చెడిపోయిందని కంగారు పడకండి. వైజర్ మందం గాడికి సరిపోయిందో లేదో చూసుకోండి.

మొదటి 72 గంటలు కారును కడగవద్దు. ఆ తర్వాత కూడా వేగంగా నీళ్ళు చిమ్మే గన్‌ను పట్టీ అంచుకు ఎదురుగా దగ్గర పెట్టకండి.

ఎప్పుడైనా తీసేయాలనిపిస్తే హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని పట్టీ వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. స్క్రూ డ్రైవర్‌తో పెకలించవద్దు. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్దితే ఉండలుగా వచ్చేస్తుంది, మొండిదైతే జిగురు తొలగించే ద్రవం వాడండి. పట్టీ కింద ఎండ తగలని పెయింట్ చుట్టూ ఉన్న దాని కన్నా ముదురుగా కనిపించవచ్చు. పాలిష్‌తో కొంత కలిసిపోతుంది. ఆ చోట కొత్త పట్టీ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే మైనం పూయకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య