నూనె చుక్క లేకపోతేనే తేలికైన డ్రెస్సింగా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వంట నేర్పే చోట నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, నూనె అస్సలు లేకుండా, సలాడ్‌లో కలుపుకునే క్రీమీ హెర్బ్ డ్రెస్సింగ్ చెప్పరా?" అడిగేవాళ్ళలో చాలామంది రక్తపరీక్ష రిపోర్టు చూసి టెన్షన్‌లో ఉన్నవాళ్ళే. కొలెస్ట్రాల్ కాస్త పెరిగిందనో, బరువు తగ్గమన్నారనో ఉన్నపళంగా నూనె మానేస్తారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. అర్థం కానిదల్లా, ఒక్క ముక్క కూడా సరిచూసుకోకుండా "నూనె విషం" అని పొద్దున్నే మెసేజ్‌లు పంపేవాళ్ళ ధైర్యం.

అపోహ: నూనె పూర్తిగా తీసేస్తేనే డ్రెస్సింగ్ తేలికవుతుంది.

వాస్తవం: చూడాల్సింది నూనె ఉందా లేదా అని కాదు, ఎంత ఉందని. సలాడ్ తినేది దేనికి? ఆకుల్లో, క్యారెట్‌లో, టమాటాలో ఉన్న బీటా కెరోటిన్, లైకోపీన్, విటమిన్ ఇ, విటమిన్ కె కోసం కూడా కదా. ఇవన్నీ కొవ్వులో కరిగేవే. అదే భోజనంలో కాస్తయినా కొవ్వు లేకపోతే అవి ఒంటికి సరిగ్గా పట్టవు. గిన్నెడు ఆకులు నమిలి, వాటిలోని మేలు సగం వదిలేసుకున్నట్టే. పిత్తాశయం, క్లోమం లాంటి సమస్యలుండి డాక్టర్ కొవ్వుకు ప్రత్యేకంగా హద్దు పెడితే ఆ మాటే వినండి, నా మాట కాదు. మిగిలినవాళ్ళు మాత్రం ఈ భయం వదిలేయొచ్చు.

లెక్క చూడండి. టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 కేలరీలు. నూనె, పులుపు కలిపి చేసే మామూలు డ్రెస్సింగ్ వెనిగ్రెట్‌లో ఒక వంతు పులుపుకు మూడు వంతుల నూనె పోస్తారు. మయొనైజ్ అయితే 100 గ్రాములకు 700 కేలరీల దాకా ఉంటుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం నూనే. బరువెక్కించేది అలాంటి డ్రెస్సింగ్. దాన్ని చూసి భయపడి, వడకట్టిన పెరుగులో కలిపే ఒక్క స్పూన్ నూనెను కూడా వదిలేయడం అన్యాయం.

ఒకావిడ గుర్తొస్తారు. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఉత్త ఆకుల మీద నిమ్మరసం, ఉప్పు చల్లుకుని తిన్నారట. ముద్ద దిగక, చివరికి కొవ్వు లేదని రాసి ఉన్న డ్రెస్సింగ్ సీసా కొన్నారు. దాన్ని తీసుకొచ్చి "ఇది మంచిదేగా?" అన్నారు. లేబుల్ చదివాం. పదార్థాల వరుసలో నీళ్ళ తర్వాత చక్కెర, ఆ తర్వాత పిండిపదార్థం. బరువు ఎక్కువున్నదే ముందు రాస్తారు కాబట్టి సంగతి ఆవిడకే అర్థమైంది. కొవ్వు తీసేస్తే రుచీ చిక్కదనమూ పోతాయి, వాటిని ఇంకేదో పెట్టి నింపక తప్పదు. ఆవిడ మొహం చిన్నబోయింది. పక్కనే నిలబెట్టుకుని చేసి చూపించాను. స్పూన్‌తో నాకి, "ఇందులో నిజంగా ఒక్క స్పూనేనా నూనె?" అని రెండుసార్లు అడిగారు.

చేసింది ఇదీ. 150 గ్రాముల వడకట్టిన పెరుగు, గుప్పెడు తాజా ఆకులు (పార్స్లీ, కొత్తిమీర, పుదీనా, బేసిల్, ఏవైనా ఒకటి రెండు రకాలు), టేబుల్ స్పూన్ నూనె, టేబుల్ స్పూన్ నిమ్మరసం, అర టీస్పూన్ ఆవముద్ద, చిన్న వెల్లుల్లి రెబ్బలో సగం, తగినంత ఉప్పు. రెండు టేబుల్ స్పూన్లు వేసుకుంటే 40, 50 కేలరీల దగ్గరే ఉంటుంది.

అపోహ: పెరుగుతో చేస్తే నీళ్ళగానే వస్తుంది.

వాస్తవం: అన్నీ ఒకేసారి మిక్సీలో పడేస్తే వస్తుంది మరి. పెరుగు గడ్డకట్టి ఉండడానికి కారణం అందులోని ప్రొటీన్లు వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచడం. మిక్సీ బ్లేడు ఆ అల్లికను తెంపేస్తుంది, నీళ్ళు బయటికొస్తాయి. ఒకసారి తెగితే ఫ్రిజ్‌లో పెట్టినా మళ్ళీ మునుపటిలా అల్లుకోదు. కాబట్టి ఆకులు, వెల్లుల్లి, ఉప్పు, ఆవముద్ద, నూనె మాత్రమే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. పెరుగును గుడ్డలో కట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో వడకట్టండి. స్పూన్ వంచినా జారకుండా నిలబడితే చాలు. ఆ పచ్చటి ముద్దను పెరుగులో వేసి, మిక్సీలో కాకుండా విస్క్‌తో (తీగల కవ్వం లాంటిది) చేత్తోనే కలపండి. విస్క్ తిప్పిన చోట గీత పడి, క్షణం ఆగి మెల్లగా కలిసిపోవాలి. అంతకంటే గట్టిగా ఉంటే చల్లటి నీళ్ళు ఒక్కో స్పూన్ చొప్పున కలపండి.

ఆవముద్ద రుచి కోసమే అనుకుంటారు. దానిలోని జిగురు నూనెను చిన్న చిన్న బొట్లుగా విడదీసి, పైకి తేలకుండా పట్టి ఉంచుతుంది. పెరుగులోని ప్రొటీన్లు కూడా ఆ పనికి సాయం చేస్తాయి. క్రీమీగా అనిపించేది ఆ బొట్ల వల్లే. అందుకే ఒక్క స్పూన్ నూనె అంత దూరం వస్తుంది.

ఇంకో మాట. డ్రెస్సింగ్ బాగానే కుదిరినా గిన్నె అడుగున నీళ్ళు చేరాయంటే తప్పు డ్రెస్సింగ్‌ది కాదు, తడి ఆకులది. కడిగాక పూర్తిగా ఆరబెట్టండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఇలాంటి పచ్చటి డ్రెస్సింగ్ మయొనైజ్ లేనిదే కుదరదంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్యాలెస్ హోటల్లో 1923లో పేరు తెచ్చుకున్న గ్రీన్ గాడెస్ అనే డ్రెస్సింగ్‌ను మయొనైజ్‌తోనే చేస్తారు, నిజమే. అది ఒక పద్ధతి, శాసనం కాదు. ఎండు ఆకులు పనికిరావన్నది తప్పు: తాజావాటిలో మూడో వంతు వేసి, తినడానికి అరగంట ముందే కలిపి ఉంచితే చాలు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే చేదెక్కొచ్చు, దాన్ని చివర్లో చేత్తో కలపండి. రంగు మారిపోతే పాడైందని పారేయకండి. పులుపు తగిలితే ఆకులకు పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం ఊడిపోయి ఆకుపచ్చ కాస్తా గోధుమ వైపు తిరుగుతుంది, అంతే. నిమ్మరసం చివర కలిపితే రంగు ఇంకాసేపు నిలుస్తుంది.

ఒక్క అపోహ దగ్గర మాత్రం తొందరపడను. "నూనె, వెల్లుల్లి, ఉప్పు ఉన్నాయిగా, బయట పెట్టినా పాడవదు" అంటారు. పచ్చి వెల్లుల్లిని, తాజా ఆకులను నూనెలో ముంచి గది వేడిలో ఉంచడం ప్రమాదం. నూనె గాలి తగలనివ్వదు. గాలి లేని, పులుపు లేని చోటే బోట్యులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషబాధ) తెచ్చే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. వాసనా తేడా రాదు, రుచీ తేడా రాదు. కాబట్టి మిక్సీ పట్టిన ముద్దను రేపటికని బయట దాచొద్దు, వెంటనే పెరుగూ నిమ్మరసమూ కలిపేయండి. కలిపిన డ్రెస్సింగ్‌ను మూత బిగించి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. భోజనం బల్ల మీద రెండు గంటలకు మించి ఉండిపోయిందా, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకుండా పారబోయండి. పైన తేరుకున్న నీళ్ళు మాత్రం పెరుగు తేటే, కలిపేసి వాడుకోవచ్చు.