పాత ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ తీసేస్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

పాత పికప్ ట్రక్కు కొన్నవాళ్లు నా దగ్గరికి రాగానే చెప్పే పని దాదాపు ఒకటే: "డ్యాష్‌బోర్డు కింద మోకాలికి తగులుతున్న ఆ డబ్బా పీకేయండి." వెనక తగిలించే ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే కంట్రోలర్ అదే. డబ్బా విప్పడం నాలుగు స్క్రూల పని. దాని వెనక నుంచి పోయే వైర్లు ఎక్కడ మొదలయ్యాయో చూడకుండా కట్టర్ పెట్టడం దగ్గరే ప్రమాదమంతా ఉంది. (గాలి బ్రేకులుండే లారీల సంగతి వేరు. ఇక్కడ చెప్పేది కరెంటు బ్రేకుల ట్రైలర్ల గురించి.)

అపోహ: అది తీసేస్తే ట్రక్కు బ్రేకులు తగ్గిపోతాయి.

ఎలక్ట్రిక్ కంట్రోలరైతే తగ్గవు. పెడల్ తొక్కగానే బ్రేక్ లైటు స్విచ్ నుంచి దానికి సిగ్నల్ వస్తుంది. అది ట్రైలర్ డ్రమ్ముల్లోని విద్యుదయస్కాంతాలకు కరెంటు పంపుతుంది. ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు చక్రాలకు బ్రేకులుంటే 12 దాకా. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగేది అందుకే.

అపోహ: ఏ కంట్రోలరైనా వైర్లే కదా, కత్తిరిస్తే అయిపోతుంది.

ఈ మాట నమ్మి చేయి పెట్టకండి. బాగా పాత రకాల్లో కొన్నిటికి వైర్లతో పాటు మాస్టర్ సిలిండర్ నుంచి ఒక సన్నటి లోహపు పైపు క్యాబిన్‌లోకి వస్తుంది. అందులో ఉండేది బ్రేక్ ఆయిల్. దాని ప్రెషర్‌ను బట్టే కంట్రోలర్ కరెంటు పెంచుతుంది. ఆ పైపు తెగితే ట్రక్కు బ్రేకుల్లో అది కలిసిన సర్క్యూట్ పోయినట్టే. పైపును మాస్టర్ సిలిండర్ దగ్గరే విప్పి, ఆ రంధ్రాన్ని సరైన మరతో ఉన్న ప్లగ్‌తో మూయాలి. తర్వాత బ్రేక్ లైన్లలో చేరిన గాలి (ఎయిర్) తీయాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి, ప్లగ్ చుట్టూ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

అపోహ: రంగు చూస్తే ఏ వైరేదో తెలిసిపోతుంది.

కంట్రోలర్ వైపు మామూలుగా నలుపు బ్యాటరీకి, తెలుపు ఎర్త్‌కి, ఎరుపు బ్రేక్ లైటు స్విచ్‌కి, నీలం ట్రైలర్‌కి. కానీ మధ్యలో ఎవరో చేతికందిన రంగు వైరు అతికించి ఉంటారు. టెస్ట్ ల్యాంప్‌తో చూడండి: నలుపులో ఎప్పుడూ కరెంటుండాలి, ఎరుపులో పెడల్ తొక్కినప్పుడే.

అపోహ: డబ్బా దగ్గర కత్తిరించి టేపు చుడితే చాలు.

నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. అలా చేస్తే నల్ల వైరులో కరెంటు అలాగే ఉంటుంది. వేడికి టేపు జిగురు ఎండి ఊడుతుంది, కొస లోహానికి తగులుతుంది. ఆ లైనులో సాధారణంగా 20 లేదా 30 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ (కరెంటు మితిమీరితే లైను తెంచేది) ఉంటుంది. చాలావాటిలో అది ట్రిప్ అయి, చల్లారగానే తనంతట తనే మళ్లీ కలుస్తుంది. షార్ట్ ఆగదు, వైరు వేడెక్కుతూనే ఉంటుంది. కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి, తర్వాత నల్ల వైరును బ్యాటరీ కొస నుంచే మొత్తంగా తీసేయండి.

ఎర్ర వైరును స్విచ్ వైరుకి క్లిప్పు కొరికించి కలిపి ఉంటారు. ఆ క్లిప్పు రాగి తీగల్ని కొంత కోసేసి ఉంటుంది. అక్కడ టంకం పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. పనయ్యాక బ్రేక్ లైట్లు, ఆటోమేటిక్ గేరు పి (పార్క్) నుంచి కదలడం, క్రూయిజ్ కంట్రోల్ మూడూ చూసుకోండి. చాలా ట్రక్కుల్లో ఇవన్నీ ఆ స్విచ్ మీదే ఆధారపడతాయి.

నీలం వైరు ట్రక్కు వెనక ట్రైలర్ ప్లగ్గు పెట్టే సాకెట్ దాకా పోతుంది. కొత్త కంట్రోలర్ పెట్టే ఆలోచనుంటే కొస మూసి ఉంచుకోండి.

అపోహ: కంట్రోలర్ లేకపోయినా బ్రేక్‌అవే స్విచ్ ఆపుతుంది.

ఆపదు. ట్రైలర్ తెగిపోయి పిన్ను ఊడినప్పుడే అది ట్రైలర్ మీది బ్యాటరీతో పనిచేస్తుంది. లైట్ల వైర్లు వేరు కాబట్టి కంట్రోలర్ తీసేశాక కూడా ట్రైలర్ లైట్లు వెలుగుతాయి. చాలామంది అది చూసి బ్రేకులు కూడా ఉన్నాయనుకుని బరువు లాగేస్తున్నారు. కొత్తది బిగించేదాకా కరెంటు బ్రేకుల ట్రైలర్ తగిలించకండి.