షుగర్ మిషన్ పల్లెకు వచ్చింది, గుండె పరీక్ష ఎందుకు రాలేదు?

కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లో షుగర్ చూపించుకోవడానికి ఇప్పుడు ఊరు దాటక్కర్లేదు. వేలికొసన రక్తం చుక్క, ఒక స్ట్రిప్, కాసేపట్లో అంకె. అదే మనిషికి రాత్రిపూట ఛాతీలో నొప్పి వచ్చి, ఈసీజీలో ఏమీ తేలకపోతే? రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) ఎంతుందో కచ్చితంగా తెలియాలంటే చిత్తూరో, తిరుపతో, వేలూరో బండి కట్టాల్సిందే. ట్రోపోనిన్‌కు కార్డు కిట్లు ఉన్న మాట నిజమే గానీ, మోతాదు తక్కువగా ఉన్న తొలి గంటల్లో వాటిని నమ్ముకోలేం. ఈ లోటును గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ పొరతో చేసిన సెన్సర్లు తీరుస్తాయని చాలా ఏళ్లుగా వింటున్నాం. ఎందుకు ఆలస్యమవుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పరీక్షను రోగి దగ్గరికే తీసుకెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఉంది. 1950-55 మధ్య అక్కడి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల జనానికి ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతగా పాకిందో లెక్కగట్టారు. రోగి వచ్చేదాకా ఆగకుండా తామే వెళ్లారు. నా దృష్టిలో ఈ జిల్లా వైద్య చరిత్రలో అంతకంటే గొప్ప పని తక్కువే.

రక్తం చుక్కతో పరీక్షకు బాట వేసింది అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఎలక్ట్రోడ్ మీద నిలిపి, రక్తంలో చక్కెరను విద్యుత్ సంకేతంగా కొలవచ్చని 1962లో చాంప్ లియాన్స్‌తో కలిసి చూపించాడు. నేటి షుగర్ మిషన్లకు మూలం అదే. అయితే చక్కెర విషయంలో ప్రకృతే మనకు సాయం చేసింది. అది రక్తంలో బోలెడంత ఉంటుంది, మిల్లీలీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము. ట్రోపోనిన్‌లో ఒక రకమైన ట్రోపోనిన్-టికి డాక్టర్లు అనుమానపు గీతగా పెట్టుకున్నది మిల్లీలీటరుకు 14 పికోగ్రాములు. బరువులో చూస్తే ఏడు కోట్ల రెట్ల తేడా! పైగా దాన్ని మార్చి సంకేతం పుట్టించే ఎంజైము లేదు. దాన్నే వెతికి అంటుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌తో పట్టుకోవాలి, ఆ పట్టును ఇంకేదో రూపంలో చూపించాలి. 1971లో వచ్చిన ఎలీసా అనే ల్యాబ్ పరీక్ష అందుకు రంగును వాడుకుంది. దానికి కడగడాలు, ఆగడాలు, ల్యాబ్, టెక్నీషియన్ అన్నీ కావాలి.

యాంటీబాడీ పట్టుకున్న క్షణాన్నే కరెంటుగా చూడలేమా? 1970లో నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టర్‌ను ద్రవంలో ముంచి అయాన్లను కొలిచాడు. దారి అక్కడే తెరుచుకుంది, కానీ సిలికాన్‌లో కరెంటు పొర లోపల నడుస్తుంది. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ గ్రాఫైట్ నుంచి అంటుడు టేపుతో గ్రాఫీన్‌ను విడదీశారు. 2010లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఒక్క పరమాణువంత మందమే ఉన్న ఈ కార్బన్ పొరకు లోపలంటూ ఏమీ లేదు, అంతా పైభాగమే. దగ్గరికి చిన్న విద్యుదావేశం వచ్చినా కరెంటు మారుతుంది. 2007కల్లా వాయువులో ఒక్కో అణువు రాకపోకలనే అది గుర్తించింది. 2020లో కొరియా శాస్త్రవేత్తలు కొవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీన్‌కు యాంటీబాడీ అతికించిన గ్రాఫీన్ ట్రాన్సిస్టర్ చేసి, దాన్ని రోగుల ముక్కు, గొంతు నమూనాలతోనూ పరీక్షించారు.

పేచీ రక్తంతోనే. రక్తంలోని ఉప్పు అయాన్లు ప్రతి ఆవేశం చుట్టూ మూగి దాన్ని కప్పేస్తాయి. బ్రహ్మోత్సవాల రద్దీలో పిలిచిన పిలుపు పక్కవాడి దగ్గరే ఆగిపోయినట్టు, ఆవేశం ప్రభావం ఒక నానోమీటరు కూడా దాటదు. యాంటీబాడీ పొడవేమో పది నానోమీటర్ల పైమాటే. అంటే దాని కొసన చిక్కిన ట్రోపోనిన్ సంగతి కింద ఉన్న గ్రాఫీన్‌కు చేరదు. అందుకే చాలా ప్రయోగాల్లో ఉప్పు తగ్గించిన పలుచని ద్రవం వాడతారు. పత్రాల్లో కనిపించే అద్భుతమైన అంకెల వెనుక చాలాసార్లు ఉన్నది ఈ పలుచని ద్రవమే, పేషెంటు రక్తం కాదు. పొడవాటి యాంటీబాడీ బదులు అలాగే పట్టుకునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు (ఆప్టామర్లు) వాడటం, పొరను ముడతలు పెట్టడం వంటి ఉపాయాలు ముందుకు వచ్చాయి. ముడతలు పెట్టిన గ్రాఫీన్ మీద ఇల్లినాయిస్‌లో 2020లో వచ్చిన ఫలితాలు నాకు నిజంగా ఆశ కలిగించాయి.

రెండో అడ్డంకి తయారీ. 2009 నుంచి రాగి రేకు మీద పెద్ద పొరలు పెంచుతున్నారు. వాటిని చిప్ మీదికి మార్చేటప్పుడు చిరుగులు, మరకలు పడతాయి. దాంతో ఏ రెండు సెన్సర్లూ ఒకేలా పలకవు. 2014లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ షీటును లేజర్‌తో కాల్చి నురగలాంటి గ్రాఫీన్ తీసింది. ఒక్క పొర సున్నితత్వం దానికి లేదు, కానీ చవక, మార్పిడి తలనొప్పి లేదు. పీహెచ్‌సీ బల్ల మీదికి ముందుగా చేరేది ఇదేనని నా అంచనా.

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు రెండూ ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. ఒకే రోగి రక్తాన్ని, పలుచన చేయకుండా, ల్యాబ్ యంత్రంలోనూ కొత్త సెన్సర్‌లోనూ పెట్టి వందలమందిలో అంకెలు పోల్చి చూసే పనికి ఇంతకన్నా అనువైన చోటు రాయలసీమలో ఇంకోటి లేదు. ఈసారి గ్రాఫీన్ సెన్సర్ గురించి వార్త వస్తే, ఎంత తక్కువ మోతాదు పట్టిందని కాదు, ఎంతమంది రోగుల అసలు రక్తంలో పట్టిందని అడగండి.