నెత్తురు గీసిన వంపు

ఇటలీలో, ఫ్లోరెన్స్ నగరంలోని ఉఫీజీ మ్యూజియంలో నూనెరంగుల చిత్రం ఒకటి ఉంది. మంచం మీద ఒక సేనాపతి వెల్లకిలా పడి గింజుకుంటున్నాడు. ఒకామె అతని జుట్టు పిడికిట బిగించి మెడ కోస్తోంది. ఇంకొకామె తన బరువంతా మోపి అతన్ని అదిమి పట్టింది. తెగిన మెడ నుంచి నెత్తురు ఎగజిమ్మి, వంపు తిరిగి, చుక్కలు చుక్కలుగా రాలుతోంది.

నన్ను పట్టి ఆపింది ఆ వంపే.

తమ ఊరిని ముట్టడించిన హోలోఫెర్నెస్‌ను యూదు వితంతువు జూడిత్ దాసి తోడుతో చంపిన కథ ఇది. ఎందరో చిత్రకారులు గీశారు. 1599 ప్రాంతంలో కరవాజ్జో వేసినదాంట్లో నెత్తురు ఎర్రదారాలు లాగి కట్టినట్టు తిన్నగా ఉంటుంది. జూడిత్ ఎడంగా నిలబడి చేతులు చాస్తుంది, ముసలి దాసి చూస్తూ ఉంటుంది. అలా దూరం నుంచి కోస్తే మెడ తెగేంత బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1620 ప్రాంతంలో ఉఫీజీ చిత్రం వేసిన ఆర్తెమీసియా జెంతిలెస్కి ఇద్దరు ఆడవాళ్ళనీ దుస్తుల చేతులు పైకి మడిపించి పనిలోకి దించింది.

మగవాడి బలం ఎంతటిదో ఆమెకు తెలుసు. 1611లో, ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండకముందే, అగోస్తీనో తాస్సీ అనే చిత్రకారుడు ఆమెను చెరిచాడు. మరుసటి ఏడు రోమ్‌లో విచారణ జరిగింది. ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికి వేళ్ళకు తాళ్ళు చుట్టి బిగించారు. కుంచె పట్టాల్సిన వేళ్ళు అవి! అయినా ఆమె మాట మార్చలేదు.

ఇక ఆ నెత్తురు సంగతి. ఆరోగ్యవంతుడి గుండె సంకోచించినప్పుడు ధమనుల్లో పీడనం సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసం. నెత్తురు కన్నా పాదరసం దాదాపు 13 రెట్లు బరువు కాబట్టి, అది ఒకటిన్నర మీటర్ల నెత్తుటి స్తంభాన్ని నిలబెట్టగల ఒత్తిడి. మెడలోని పెద్ద ధమని తెగితే గుండె కొట్టుకున్నప్పుడల్లా ధార ఎగుస్తుంది. బయటికొచ్చిన ప్రతి బొట్టూ అడ్డంగా దాదాపు అదే వేగంతో సాగుతూ, భూమ్యాకర్షణకు లొంగి అంతకంతకూ వేగంగా కిందికి దిగుతుంది. ఆ రెండూ కలిస్తే ఏర్పడేదే పరావలయం. విసిరిన రాయిదీ అదే దారి.

ఈ దారిని గెలీలియో 1608 ప్రాంతంలోనే ప్రయోగాలతో పట్టుకున్నాడు, పుస్తకంలో అచ్చయింది మాత్రం 1638లో. ఫ్లోరెన్స్‌లోని చిత్రకళా అకాడమీలో ఆయన సభ్యుడు. 1616లో అందులో చేరిన తొలి మహిళ ఆర్తెమీసియా. ఆ పరిచయమే ఈ వంపుకు మూలమని కొందరు కళాచరిత్రకారులు అంటారు. ఫ్లోరెన్స్‌కు రాకముందో, వచ్చిన కొత్తలోనో ఆమె ఇదే ఘట్టాన్ని ఒకసారి గీసింది. నేపుల్స్‌లో ఉన్న ఆ చిత్రంలో నెత్తురు దుప్పటి మీద పారుతుందే తప్ప ఇలా ఎగజిమ్మదు. గెలీలియో చెప్పగా విన్నదో, తన కళ్ళతోనే పట్టుకుందో, మధ్య ఏళ్ళలో ఆమె చూపు ఎంతో పదునెక్కింది. జూడిత్ రొమ్ము మీద పడ్డ చుక్కల్ని కూడా వదల్లేదు.

1635లో నేపుల్స్ నుంచి ఆమె గెలీలియోకు ఉత్తరం రాసింది. అప్పటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు. ఒకప్పటి ఫ్లోరెన్స్ పాలకుడు గ్రాండ్ డ్యూక్ కోసిమో కోసం తాను వేసిన జూడిత్ చిత్రానికి మంచి ప్రతిఫలం దక్కింది ఆయన సాయం వల్లేనని అందులో గుర్తుచేసుకుంది.